కంప్యూటర్‌లో ర్యాట్ దూరకుండా: సెట్టింగులు, తనిఖీలు, దూరితే చేయాల్సిన పనులు

రిమోట్ యాక్సెస్ ట్రోజన్, పొట్టిగా ర్యాట్. ఎక్కడో కూర్చున్న మనిషి మీ కంప్యూటర్‌ని తన ముందున్నట్టే వాడుకోవడానికి చేసిన దొంగ ప్రోగ్రామ్. మీ తెర చూస్తాడు, మీరు కొట్టే ప్రతి అక్షరం పట్టుకుంటాడు, కెమెరా, మైకు తెరుస్తాడు, బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డ్‌లు ఎత్తుకుపోతాడు, మీ ఫైళ్ళు తీసుకుంటాడు, లేనివి తెచ్చి పెడతాడు. రాన్సమ్‌వేర్ వచ్చిందంటే ఆ రోజే తెలిసిపోతుంది, డబ్బు కట్టమని తెర మీదే అడుగుతుంది. ర్యాట్ అలా కాదు. పడున్న చోటే నెలల తరబడి నోరెత్తకుండా ఉంటుంది.

దీన్ని వాడటానికి పెద్ద ప్రతిభ అక్కర్లేదు. 1998లో బ్యాక్ ఆరిఫిస్ అనే ర్యాట్ బయటికి వచ్చిన నాటి నుంచీ ఇవి తయారుగా దొరుకుతూనే ఉన్నాయి. డార్క్‌కామెట్‌ని దాని రచయిత 2012లో ఆపేశాడు, పాత కాపీలు మాత్రం తిరుగుతూనే ఉన్నాయి. బ్లాక్‌షేడ్స్ మీద 2014లో ఎఫ్‌బీఐ దాడులు జరిగాయి. మామూలు సాఫ్ట్‌వేర్‌లా అమ్మిన నెట్‌వైర్ సైట్‌ని 2023లో స్వాధీనం చేసుకున్నారు. ఒకటి పోతే ఇంకొకటి. అసింక్‌ర్యాట్ సోర్స్ కోడ్ 2019 నుంచి గిట్‌హబ్‌లో బహిరంగంగా ఉంది, కాస్త మార్చి ఎవరైనా వాడుకోవచ్చు.

రూటర్ ఎందుకు ఆపలేదు

ఇంట్లో వైఫై రూటర్ ఉంది, దానికి ఫైర్‌వాల్ ఉంది, ఇక భయం లేదని చాలామంది నమ్మకం. ఆ ఫైర్‌వాల్ ఆపేది బయటి నుంచి లోపలికి వచ్చేవాటిని. ర్యాట్ పని తిరగేసి ఉంటుంది. మీ కంప్యూటర్‌లో కూర్చున్న చిన్న ప్రోగ్రామే బయట ఉన్న దొంగ సర్వర్‌కి కనెక్షన్ కలుపుతుంది. రూటర్ కంటికి అది మీరు వెబ్‌సైట్ తెరిచినట్టే ఉంటుంది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడన్న సామెత దీనికి అక్షరాలా సరిపోతుంది. కాబట్టి ఇక్కడ చెప్పే పనులన్నీ మూడు ప్రశ్నల చుట్టూనే తిరుగుతాయి. మీ కంప్యూటర్‌లో ఏది నడవొచ్చు? నడిచేదానికి ఎంత అధికారం ఉంది? అది బయట ఎవరితో మాట్లాడుతోంది?

ఏ వేషంలో వస్తుంది

మన దగ్గర ఎక్కువగా కనిపించే దారి క్రాక్ సాఫ్ట్‌వేర్. డీటీపీ సెంటర్‌లో ఫోటోషాప్, పేజ్‌మేకర్ క్రాకులు, లెక్కలు రాసేవాళ్ళ దగ్గర టాలీ క్రాకు, ఇంట్లో విండోస్ యాక్టివేటర్, పిల్లల కోసం గేమ్ మోడ్. వీటితో వచ్చే సూచనల్లో మొదటి వాక్యం చూడండి: ‘ముందు యాంటీవైరస్ ఆఫ్ చేయండి’. తాళం తీసి పెట్టమని దొంగే చెప్పడం అంటే ఇదే. క్రాకు నిజంగా పని చేస్తుంది కూడా, అందుకే అనుమానం రాదు. టాలీ నేర్చుకోవడానికైతే ఎడ్యుకేషనల్ మోడ్ ఉచితంగానే ఉంది. ఉత్తరాలకీ పట్టికలకీ లిబ్రే ఆఫీస్ చాలు.

రెండోది మెయిల్, వాట్సాప్ వెబ్. జీఎస్టీ నోటీసు, కొరియర్ రసీదు, కొటేషన్ అడుగుతూ ఒక జిప్ ఫైల్. దానికి పాస్‌వర్డ్ పెట్టి, ఆ పాస్‌వర్డ్‌ని మెయిల్‌లోనే రాస్తారు. మీ భద్రత కోసం కాదు. పాస్‌వర్డ్ ఉన్న జిప్ లోపలికి చాలా మెయిల్ స్కానర్లు చూడలేవు. ఇంకో ఎత్తు ఉంది: జిప్ 2 ఎంబీ ఉంటుంది, విప్పితే ఫైల్ 700 ఎంబీ. లోపల నిండా సున్నాలే. చాలా స్కానర్లు అంత పెద్ద ఫైళ్ళను వదిలేస్తాయి, ఫైళ్ళను పదుల యాంటీవైరస్‌లతో పరీక్షించే వైరస్‌టోటల్ సైట్ కూడా 650 ఎంబీ దాటితే తీసుకోదు. నోటీసు కాగితానికి 700 ఎంబీ ఎందుకని ఒక్కసారి ఆగితే చాలు, పట్టుబడిపోతుంది.

మూడోది ఈ మధ్య బాగా పెరిగింది. వెబ్‌సైట్‌లో ‘మీరు రోబో కాదని నిరూపించండి’ అని వస్తుంది. నొక్కగానే ‘విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కండి, తర్వాత కంట్రోల్ వీ, ఆపైన ఎంటర్’ అంటుంది. మీకు తెలియకుండా క్లిప్‌బోర్డ్‌లో (కాపీ చేసినవి ఉండే చోట) పెట్టిన ఆజ్ఞని మీ చేత్తోనే నడిపిస్తున్నారన్నమాట. ఏ నిజమైన క్యాప్చా కూడా రన్ పెట్టె తెరవమని అడగదు. దీనికి మినహాయింపే లేదు.

నాలుగోది పెన్‌డ్రైవ్. జిరాక్స్ షాపులో, నెట్ సెంటర్‌లో పెట్టి తెస్తే ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లుగా మారి ఉంటాయి. అసలు ఫోల్డర్లు దాక్కుంటాయి, షార్ట్‌కట్ నొక్కితే ర్యాట్ నడిచి, ఆ వెంటనే అసలు ఫోల్డర్ కూడా తెరుచుకుంటుంది. ఎన్‌జేర్యాట్ లాంటివి ఇలా ఒక యంత్రం నుంచి ఇంకో యంత్రానికి పాకుతాయి. మరొకటీ గుర్తుంచుకోవాలి. నెట్ నుంచి దించిన ఫైల్‌కి విండోస్ ‘ఇది బయటిది’ అని ఒక గుర్తు అంటిస్తుంది. స్మార్ట్‌స్క్రీన్ హెచ్చరిక, వర్డ్‌లో వచ్చే పసుపు పట్టీ ఆ గుర్తు మీదే ఆధారపడతాయి. ఆ గుర్తు ఎన్‌టీఎఫ్ఎస్ పద్ధతిలో ఫార్మాట్ చేసిన డిస్కులోనే నిలుస్తుంది. ఎఫ్ఏటీ32, ఎక్స్‌ఫ్యాట్ పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేశారంటే రాలిపోతుంది. అదే ఫైల్ పెన్‌డ్రైవ్ మీద వస్తే ఏ హెచ్చరికా లేకుండా తెరుచుకోవడానికి కారణం ఇదే.

ముందుగా చేయాల్సిన సెట్టింగులు

గంటన్నర కేటాయించండి. విండోస్ 11 పేర్లతో రాస్తున్నాం. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఇంకా దాని మీదే ఉంటే పొడిగించిన భద్రతా అప్‌డేట్‌లలో చేరండి, లేదా విండోస్ 11కి మారండి. అప్‌డేట్ రాని యంత్రం మీద మిగతా జాగ్రత్తలన్నీ సగం వృథా.

1. ఫైల్ తోక కనిపించేలా చేయండి. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో ‘వ్యూ’, ‘షో’, ‘ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్’ టిక్ పెట్టండి. ఇది లేకపోతే ‘నోటీస్.పీడీఎఫ్.ఈఎక్స్ఈ’ అన్న ఫైల్ మీకు ‘నోటీస్.పీడీఎఫ్’ అనే కనిపిస్తుంది, పైగా పీడీఎఫ్ బొమ్మే పెట్టుకుని ఉంటుంది. చివరి చుక్క తర్వాత ఏముందో అదే నిజం. ఈఎక్స్ఈ, ఎస్‌సీఆర్, బీఏటీ, ఎంఎస్ఐ, జేఎస్, వీబీఎస్, హెచ్‌టీఏ ఉంటే అది కాగితం కాదు, ప్రోగ్రామ్. ఒక్క షార్ట్‌కట్ ఫైల్ తోక మాత్రం ఈ టిక్ పెట్టినా కనిపించదు. దాన్ని బొమ్మ మూలన ఉండే చిన్న వంకర బాణంతోనే గుర్తుపట్టాలి.

2. స్క్రిప్టులు (నొక్కగానే నడిచే ఆజ్ఞల ఫైళ్ళు) నోట్‌ప్యాడ్‌లో తెరుచుకునేలా మార్చండి. ఐదు నిమిషాల పని, లాభం చాలా పెద్దది, చేసేవాళ్ళు మాత్రం తక్కువ. సెట్టింగ్స్‌లో ‘యాప్స్’, ‘డిఫాల్ట్ యాప్స్’ తెరిచి, పైన పెట్టెలో డాట్ జేఎస్ అని కొట్టి, నోట్‌ప్యాడ్ ఎంచుకోండి. అలాగే జేఎస్ఈ, వీబీఎస్, వీబీఈ, డబ్ల్యూఎస్ఎఫ్, హెచ్‌టీఏ. ఆ తర్వాత పొరపాటున నొక్కినా అర్థంకాని అక్షరాల పేజీ తెరుచుకుంటుంది, అంతే. ఆఫీసులో పాత స్క్రిప్టులతో నడిచే పని ఉంటే మాత్రం ముందు కంప్యూటర్లు చూసే మనిషిని అడగండి.

3. రోజువారీ పనికి స్టాండర్డ్ ఖాతా. ‘అకౌంట్స్’, ‘అదర్ యూజర్స్’లో కొత్త ఖాతా ఒకటి తయారుచేసి, దాన్ని అడ్మినిస్ట్రేటర్‌గా పెట్టండి. అందులోకి ఒకసారి వెళ్ళి, మీరు రోజూ వాడే ఖాతాని స్టాండర్డ్‌గా మార్చేయండి. ఈ వరుస తప్పితే అడ్మిన్ ఎవరూ లేక ఇరుక్కుపోతారు. దీని హద్దు కూడా తెలుసుకోవాలి. స్టాండర్డ్ ఖాతాలోనూ ర్యాట్ నడవగలదు, మీ ఫైళ్ళు చదవగలదు. కానీ డిఫెండర్‌ని ఆపలేదు, విండోస్‌తో పాటే లేచే సర్వీస్‌గా పాతుకుపోలేదు, ఇంట్లో మిగతావాళ్ళ ఖాతాల్లోకి పోలేదు. ఉన్నట్టుండి అడ్మిన్ పాస్‌వర్డ్ అడిగే పెట్టె వచ్చిందంటే అదే మీకు మొదటి హెచ్చరిక.

4. డిఫెండర్ తనిఖీ. ‘విండోస్ సెక్యూరిటీ’, ‘వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్’, ‘మేనేజ్ సెట్టింగ్స్’. రియల్ టైమ్, క్లౌడ్, ట్యాంపర్ ప్రొటెక్షన్ మూడూ ఆన్‌లో ఉండాలి. అదే పేజీ అడుగున ‘ఎక్స్‌క్లూజన్స్’ తెరవండి. మీరు పెట్టని ఫోల్డర్ అక్కడ ఉంటే, ముఖ్యంగా సీ డ్రైవ్ మొత్తమో, ప్రోగ్రామ్‌లు తమ సమాచారం దాచుకునే యాప్‌డేటానో ఉంటే, ఎవరో దూరి ‘ఇక్కడ వెతకొద్దు’ అని రాసి పెట్టారన్నమాట. క్రాకులు కూడా ఇదే పని చేస్తాయి. స్మార్ట్ యాప్ కంట్రోల్ ఆన్‌లో ఉంటే ఆపకండి.

5. ఆఫీస్ మాక్రోలు. వర్డ్, ఎక్సెల్ ఫైళ్ళ లోపల ఉండే చిన్న ప్రోగ్రామ్‌లివి. నెట్ నుంచి వచ్చిన ఫైళ్ళలో మాక్రోలను మైక్రోసాఫ్ట్ 2022 నుంచి తనంతట తనే అడ్డుకుంటోంది. అందుకే ఇప్పుడు దొంగలు ‘ప్రాపర్టీస్‌లోకి వెళ్ళి అన్‌బ్లాక్ టిక్ పెట్టండి’ అని మీ చేత చేయించుకుంటున్నారు. ఆ మాట రాసున్న ఫైల్ ఇక తెరవక్కర్లేదు.

6. బయటికి వెళ్ళే దారి కట్టడం. విండోస్ ఫైర్‌వాల్ మామూలుగా బయటికి వెళ్ళే దేన్నీ ఆపదు. స్టార్ట్‌లో ‘విండోస్ డిఫెండర్ ఫైర్‌వాల్ విత్ అడ్వాన్స్‌డ్ సెక్యూరిటీ’ వెతికి తెరిచి, ‘అవుట్‌బౌండ్ రూల్స్’, ‘న్యూ రూల్’, ‘ప్రోగ్రామ్’ అని వెళ్ళి, డబ్ల్యూస్క్రిప్ట్, సీస్క్రిప్ట్, ఎంఎస్‌హెచ్‌టీఏ అనే, స్క్రిప్టులు నడిపే మూడు ప్రోగ్రామ్‌లకీ ‘బ్లాక్ ద కనెక్షన్’ పెట్టండి. ఒక్కొక్కటీ సిస్టమ్32లో ఒకటి, సిస్‌వావ్64లో ఒకటి ఉంటుంది, కాబట్టి మొత్తం ఆరు రూల్స్. మైక్రోసాఫ్ట్ డాట్ నెట్ ఫోల్డర్‌లోని రెగ్‌ఆజమ్ అనే ప్రోగ్రామ్‌కి కూడా 32, 64 బిట్ రెండింటికీ పెట్టండి. చాలా ర్యాట్‌లు దాని ఖాళీ కాయంలోకి దూరి, దాని పేరుతోనే బయటికి మాట్లాడతాయి. మామూలు ఇంటి కంప్యూటర్‌లో దానికి నెట్‌తో పనే లేదు.

7. డీఎన్ఎస్. వెబ్‌సైట్ పేరు అడిగితే దాని ఐపీ చిరునామా చెప్పే ఏర్పాటిది. రూటర్‌లోనో, కంప్యూటర్ నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లోనో 9.9.9.9, రెండోదిగా 149.112.112.112 పెట్టండి. ఇవి క్వాడ్9 సంస్థవి, తెలిసిన దొంగ డొమైన్‌లకు జవాబివ్వవు. ఐపీవీ6 ఉంటే అక్కడా దాని చిరునామానే ఇవ్వాలి, లేకపోతే సగం ప్రశ్నలు పాత దారినే పోతాయి. డొమైన్ పేరు లేకుండా నేరుగా ఐపీకి కలిసే ర్యాట్‌ని ఇది ఆపలేదు.

8. రూటర్‌లో బయటి నుంచి లోపలికి దారులు తెరిచే యూపీఎన్‌పీ, డీఎంజెడ్, అవసరం లేని పోర్ట్ ఫార్వర్డింగ్ తీసేయండి. విండోస్‌లో రిమోట్ డెస్క్‌టాప్ ఆఫ్. సీసీ కెమెరా బిగించినవాళ్ళు తెరిచి వదిలేసిన పోర్టులు చాలా ఇళ్ళలో ఉంటాయి.

కెమెరా మీద చిన్న కాగితం ముక్క అంటించడం మంచిదే. మైకు మాత్రం వింటూనే ఉంటుంది.

చట్టబద్ధమైన ప్రోగ్రామే ర్యాట్ అయినప్పుడు

ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్, విండోస్‌తో వచ్చే క్విక్ అసిస్ట్ వైరస్‌లు కావు. అందుకే ఏ యాంటీవైరస్సూ అరవదు, దొంగలకు అదే కావాలి. ఎనీడెస్క్ పేరుతో జరుగుతున్న మోసాల గురించి రిజర్వ్ బ్యాంక్ 2019లోనే బ్యాంకులను హెచ్చరించింది. ‘కస్టమర్ కేర్’ నుంచి ఫోన్ చేసి తొమ్మిదంకెల నంబర్ చదవమంటే ఫోన్ పెట్టేయండి.

ఎవరూ పట్టించుకోని సంగతి ఇంకొకటి ఉంది. కంప్యూటర్ రిపేర్‌కి ఇచ్చినప్పుడు, టాలీ సర్వీస్ చేయించుకున్నప్పుడు ఇలాంటి ప్రోగ్రామ్ వేసి, మీరు ‘సరే’ అనకపోయినా లోపలికి రాగలిగేలా పాస్‌వర్డ్ పెట్టి వదిలేస్తారు. చెడు ఉద్దేశం ఉండకపోవచ్చు. కానీ ఆ ఒకే పాస్‌వర్డ్ ఊళ్ళో ఇంకెన్నో కంప్యూటర్లకు కూడా ఉండొచ్చు. ‘ఇన్‌స్టాల్డ్ యాప్స్’ జాబితా చూసి తీసేయండి. నిజంగా అవసరమైతే ‘అనటెండెడ్ యాక్సెస్’ ఆఫ్ చేసి, పని జరుగుతున్నంతసేపూ తెర ముందే కూర్చుని, అవగానే మూసేయండి.

మీసేవ కేంద్రాలు, ఆడిటర్ల దగ్గర పనిచేసేవాళ్ళు డీఎస్‌సీ (డిజిటల్ సంతకం) డాంగిల్‌ని రోజంతా యూఎస్‌బీలోనే వదిలేస్తారు. పిన్ నంబర్‌ని కీలాగర్ (కొట్టే అక్షరాలు రాసుకునే ప్రోగ్రామ్) పట్టుకుంటుంది, డాంగిల్ ఎటూ గుచ్చే ఉంది, ఇక మీ సంతకం దొంగ పెట్టగలడు. సంతకం అవగానే డాంగిల్ పీకి సొరుగులో పడేయండి. జనం తెచ్చే పెన్‌డ్రైవ్‌ల ప్రింట్ల కోసం పాత కంప్యూటర్ ఒకదాంట్లో విండోస్ బదులు లైనక్స్ మింట్ వేసి పెట్టుకుంటే, విండోస్ కోసం రాసిన ఈఎక్స్ఈలు, షార్ట్‌కట్‌లు అక్కడ మామూలుగా నడవవు. పీడీఎఫ్ ప్రింట్ చక్కగా వస్తుంది.

మ్యాక్‌కి రాదన్నది వట్టి మాట. అక్కడ ‘ప్రైవసీ అండ్ సెక్యూరిటీ’లో యాక్సెసిబిలిటీ, స్క్రీన్ రికార్డింగ్ జాబితాలు, ‘లాగిన్ ఐటెమ్స్’ నెలకోసారి చూసుకోండి. తెలియని పేరు ఉంటే తీసేయండి.

అనుమానం వస్తే ఎలా వెతకాలి

కంప్యూటర్ నెమ్మదించడం ఒక్కటే గుర్తు కాదు. మంచి ర్యాట్ మెమరీలో పదుల ఎంబీలు మించి తినదు. ఇలా చూడండి.

బ్రౌజర్, వాట్సాప్, వన్‌డ్రైవ్ అన్నీ మూసేసి రెండు నిమిషాలు ఆగండి. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి నెట్‌స్టాట్ అని కొట్టి, స్పేస్ ఇచ్చి, హైఫన్, ఏ, ఎన్, ఓ కొట్టండి. వచ్చిన వరసల్లో ‘ఎస్టాబ్లిష్డ్’ ఉన్నవే చూడండి. 127తో, 192.168తో మొదలయ్యే బయటి చిరునామాలు వదిలేయండి. మిగిలినవాటిలో ఒకటి 203.0.113.45:6606 అని ఉండి, చివర 7412 అని ఉందనుకోండి. ఆ చివరి అంకె ప్రోగ్రామ్ నంబర్. టాస్క్ మేనేజర్‌లో ‘డీటెయిల్స్’ తెరిచి, పీఐడీ 7412 పక్కన ఏ పేరుందో చూసి, దాని మీద రైట్ క్లిక్ చేసి ‘ఓపెన్ ఫైల్ లొకేషన్’ నొక్కండి.

ఇప్పుడు చోటు చూడాలి. ఎస్‌వీసీ‌హోస్ట్ అన్న పేరు సిస్టమ్32లో ఉంటే మామూలే. అదే పేరు యాప్‌డేటాలోనో, టెంప్‌లోనో, పబ్లిక్ ఫోల్డర్‌లోనో ఉంటే దొంగ. రెగ్‌ఆజమ్, ఎంఎస్‌బిల్డ్ లాంటివి సరైన చోటే ఉన్నా బయటి ఐపీతో కలిసి ఉంటే, మీరు ప్రోగ్రామింగ్ చేసేవాళ్ళు కానప్పుడు, అదీ అనుమానమే. పోర్ట్ నంబర్లు, అంటే చిరునామాలో రెండు చుక్కల (:) తర్వాతి అంకెలు, కొంత సాయం చేస్తాయి. అసింక్‌ర్యాట్‌కి తయారీలో ఉండేవి 6606, 7707, 8808. రెమ్‌కాస్‌కి 2404, క్వేసార్‌కి 4782. కాస్త తెలివైనవాడు వీటిని మామూలు వెబ్‌సైట్లు వాడే 443కి మార్చేస్తాడు. కాబట్టి ఆ అంకెలు కనిపిస్తే అనుమానించాలి, కనిపించనంత మాత్రాన లేదనుకోకూడదు.

తర్వాత ఆటోరన్స్. మైక్రోసాఫ్ట్ వారి సిస్‌ఇంటర్నల్స్ పేజీ నుంచి ఉచితంగా దించుకోవచ్చు. ర్యాట్‌కి కంప్యూటర్ ఆపి పెట్టినప్పుడల్లా మళ్ళీ లేచే ఏర్పాటు కావాలి కదా, ఆ ఏర్పాట్లన్నీ దీంట్లో ఒకే చోట కనిపిస్తాయి. అడ్మినిస్ట్రేటర్‌గా నడిపి, ‘ఆప్షన్స్’లో ‘హైడ్ మైక్రోసాఫ్ట్ ఎంట్రీస్’ పెట్టండి. ‘స్కాన్ ఆప్షన్స్’లో వైరస్‌టోటల్ తనిఖీకి టిక్ పెట్టండి, తెలియని ఫైళ్ళను పంపే టిక్ మాత్రం వద్దు. లాగాన్, షెడ్యూల్డ్ టాస్క్స్, సర్వీసెస్, డబ్ల్యూఎంఐ ట్యాబ్‌లు చాలు. గులాబీ రంగు వరసలకు తయారీదారు డిజిటల్ సంతకం లేదని అర్థం, అన్నీ దొంగవి కావు. ప్రింటర్, స్కానర్ల పాత డ్రైవర్లూ అలాగే కనిపిస్తాయి. యాప్‌డేటా నుంచి నడుస్తూ, పేరులో అర్థంలేని అక్షరాలుండి, కంపెనీ పేరు ఖాళీగా ఉన్నదే మనకు కావాల్సింది.

చివరగా ‘ప్రైవసీ అండ్ సెక్యూరిటీ’లో ‘కెమెరా’, ‘మైక్రోఫోన్’ తెరిచి, డెస్క్‌టాప్ యాప్‌లు వాటిని ఎప్పుడు వాడాయో చూడండి. మీరు నిద్రలో ఉన్న రాత్రి రెండు గంటలకు ఏదో పేరు ఉంటే, ఇక సందేహం అక్కర్లేదు.

దొరికితే: వరస తప్పొద్దు

ముందు నెట్ పీకండి. వైఫై ఆపడం ఒక్కటే చాలదు, కేబుల్ ఉంటే కేబుల్ లాగండి, రూటరే ఆపినా సరే. ర్యాట్ ఫైల్‌ని వెంటనే డిలీట్ చేయకండి. నెట్‌స్టాట్ తెర, ఆటోరన్స్ తెర, ఫైల్ ఉన్న చోటు ఫోన్‌తో ఫోటోలు తీసి పెట్టుకోండి, ఫిర్యాదుకి పనికొస్తాయి.

తర్వాత వేరే శుభ్రమైన ఫోన్ నుంచి పాస్‌వర్డ్‌లు మార్చండి. ఆ కంప్యూటర్ నుంచి మారిస్తే కొత్త పాస్‌వర్డ్ కూడా దొంగకే చేరుతుంది. ముందు మెయిల్, తర్వాత బ్యాంకు, ఆపైన మిగతావి. మెయిల్ ముందెందుకంటే, మిగతా అన్ని పాస్‌వర్డ్‌లూ మెయిల్‌కే రీసెట్ అవుతాయి. పాస్‌వర్డ్ మార్చడంతో పని అయిపోలేదు. మీరు లాగిన్ అయి ఉన్నారని గుర్తుంచుకునే బ్రౌజర్ కుకీలు పోయి ఉంటే, వాడు పాస్‌వర్డ్ లేకుండానే లోపల ఉండొచ్చు. ప్రతి ఖాతాలోనూ ‘అన్ని పరికరాల నుంచీ సైన్ అవుట్’ నొక్కి, రెండంచెల తనిఖీ పెట్టండి. జీమెయిల్‌లో ‘ఫార్వర్డింగ్’, ‘ఫిల్టర్స్’ చూడండి, మీ మెయిల్స్ కాపీ ఇంకో చోటికి పోయేలా పెట్టి ఉండొచ్చు. డబ్బు పోయి ఉంటే ఆ నిమిషమే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ.

ఇక కంప్యూటర్. డిఫెండర్‌లో ‘ఆఫ్‌లైన్ స్కాన్’ ఉంది, విండోస్ లేవకముందే 15 నిమిషాల్లో వెతుకుతుంది. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ వారి సైబర్ స్వచ్ఛతా కేంద్రంలో ఉచిత సాధనాలూ ఉన్నాయి. అయినా మా మాట ఒకటే: ర్యాట్ నడిచిన యంత్రాన్ని శుభ్రం చేసి వాడొద్దు, మొత్తం తుడిచి మళ్ళీ విండోస్ వేయండి. వాడు మీ యంత్రంలో కూర్చున్నన్నాళ్ళూ ఇంకేం పెట్టాడో ఏ స్కానరూ పూర్తిగా చెప్పలేదు.

ఫోటోలు, డాక్యుమెంట్లు, టాలీ డేటా మాత్రం బయటి డిస్కుకి తీయండి. ఇన్‌స్టాలర్లు, షార్ట్‌కట్‌లు, జిప్పులు వద్దు. వేరే కంప్యూటర్‌లో మైక్రోసాఫ్ట్ మీడియా క్రియేషన్ టూల్‌తో కనీసం 8 జీబీ పెన్‌డ్రైవ్ తయారుచేయండి, అందులో ఉన్నవన్నీ పోతాయి. దాన్ని పెట్టి బూట్ చేసి, డిస్కు మీదున్న పార్టిషన్‌లన్నీ తీసేసి, ఖాళీ డిస్కు మీద విండోస్ వేయండి. మన దగ్గర సీ డ్రైవ్ ఒక్కటే ఫార్మాట్ చేసే అలవాటు ఉంది. డీ డ్రైవ్‌లో పడి ఉన్న పాత క్రాకుల ఫోల్డర్ నుంచే రెండు రోజుల్లో ర్యాట్ తిరిగి వస్తుంది. లైసెన్స్ గురించి బెంగ వద్దు. అసలైన విండోస్ అయితే మామూలుగా నెట్ తగలగానే తనే యాక్టివేట్ అవుతుంది.

కొత్త విండోస్‌లో డిస్కు తగిలించే ముందే పైన చెప్పిన 1 నుంచి 4 వరకు సెట్టింగులు పూర్తి చేయండి. తర్వాత డిస్కు పెట్టి, ఏదీ తెరవకుండా రైట్ క్లిక్‌తో స్కాన్ చేసి, తోకలు చూసుకుంటూ ఒక్కో ఫోల్డర్ వెనక్కి తెచ్చుకోండి.